ఒకే గ్రైండర్, రెండు కాఫీలు

నమస్కారం. ఇవాళ మన మాటలు కాఫీ గురించే, కాకపోతే కప్పులోకి వచ్చిన కాఫీ గురించి కాదు, గింజ పొడి అయ్యే ఆ అర నిమిషం గురించి. ఎస్ప్రెస్సో మెషీన్ కొనడానికి నెలల తరబడి రివ్యూలు చదివినవాళ్లు, స్నేహితుల బుర్ర తిన్నవాళ్లు కూడా గ్రైండర్ దగ్గరికి వచ్చేసరికి "పొడి కొట్టేదే కదా, ఏదో ఒకటి" అనేస్తారు. నేనూ అలా అన్నవాణ్ణే. తర్వాత చాలాకాలం మెషీన్‌ని తిట్టుకున్నాను, పాపం దాని తప్పేం లేదు.

నా మొదటి గ్రైండర్ బ్లేడుది. బటన్ నొక్కితే అడుగున కత్తి గిర్రున తిరుగుతుంది, గింజలు ఎగిరెగిరి పడతాయి. మూత తీసి చూస్తే అడుగున దుమ్ము లాంటి పొడి అంటుకుని ఉంటుంది, పైన సగం విరిగిన గింజలు వెక్కిరిస్తుంటాయి. ఇంకాసేపు తిప్పితే పెద్దవి చిన్నవవుతాయి నిజమే, కానీ దుమ్ము కూడా పెరుగుతుంది. ఆ పొడితో కాఫీ పెడితే ఒకే గుక్కలో చేదూ పులుపూ రెండూ తగులుతాయి. మెత్తటి పొడిలోంచి సారమంతా దిగిపోయి చేదు దాకా వచ్చేస్తుంది, పెద్ద ముక్కలేమో ఇంకా పులుపు దగ్గరే ఆగిపోయి ఉంటాయి. నీళ్ల వేడి మార్చినా, కొలత మార్చినా, ఇంకా ఖరీదైన గింజలు తెచ్చినా ఆ రుచి మారదు. కాబట్టి బ్లేడు సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

మిగిలింది బర్ గ్రైండర్. పేరు కొత్తగా ఉన్నా పని తిరగలిదే. పళ్లున్న రెండు భాగాలు, వాటినే బర్లు అంటారు, ఒకటి కదలదు, ఒకటి తిరుగుతుంది, వాటి మధ్య సందు ఎంతుంటే పొడి అంత. గింజ ఆ సందులోంచి దూరేంత చిన్నదయ్యేదాకా బయటికి రాదు. ఇది నిన్న మొన్నటి ఊహ కూడా కాదు, ఇవాళ కార్ల పేరుగా అందరికీ తెలిసిన ప్యూజో 1840లోనే కాఫీ మిల్లులు తయారు చేసింది. అప్పటినుంచి మెరుగుపడినవి ఏమిటంటే ఉక్కు, ఊగకుండా నిలబడే ఇరుసు, ఆ సందును ఎంత కొద్దికొద్దిగా జరుపుకోగలం అన్న విషయం. ఈ చివరిది గుర్తుపెట్టుకోండి, ఎస్ప్రెస్సో కష్టాలన్నీ అక్కడే ఉన్నాయి.

ఎస్ప్రెస్సో అంటే నీళ్లు సుమారు 9 బార్ల ఒత్తిడితో పొడిలోంచి దూసుకెళ్లడం. 90 మీటర్ల లోతు నీళ్ల అడుగున ఉండేంత ఒత్తిడి అది. అంత ఒత్తిడికి అడ్డు నిలబడేది ఆ చిన్న బిళ్లలా నొక్కిన పొడి ఒక్కటే, వేరే కుళాయి ఏదీ లేదు. పొడే కుళాయి. మామూలుగా అందరూ మొదలుపెట్టే లెక్క 18 గ్రాముల పొడి వేసి, 25 నుంచి 30 సెకన్లలో 36 గ్రాముల కాఫీ దించడం. పొడి కాస్త బరకగా ఉంటే నీళ్లు ఆగవు, మరీ మెత్తనైతే చుక్క పడదు. పైగా నీరు పల్లమెరుగు అంటారు కదా, పొడిలో ఎక్కడైనా ఉండకట్టి పక్కన గుల్లగా ఉంటే నీళ్లన్నీ ఆ దారి పట్టుకుని పోతాయి, మిగతా పొడి సగం తడిసి ఊరుకుంటుంది.

నా అనుభవం ఒకటి చెప్తాను. బ్లేడు తర్వాత ఒక బర్ గ్రైండర్ కొన్నాను, డబ్బా మీద ఎస్ప్రెస్సో అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. తెల్లారి తూకం పెట్టి, 18 గ్రాములు నొక్కి, స్విచ్ వేస్తే 14 సెకన్లకే కప్పు నిండిపోయింది, లేత రంగు, నీళ్లనీళ్లగా, నాలుక ముడుచుకుపోయేంత పులుపు. సరే అని ఒక్క మెట్టు మెత్తగా తిప్పాను. ఈసారి 50 సెకన్లయినా నల్లగా చుక్కచుక్కగా కారుతోంది. నాకు కావలసింది ఆ రెండు మెట్ల మధ్య ఉంది, అక్కడ గ్రైండర్‌లో మెట్టు లేదు! ఇక పొడి ఒక గ్రాము తగ్గించి, నొక్కే బలం మార్చి, ఏవేవో తంటాలు పడ్డాను.

ఎస్ప్రెస్సోకి గ్రైండర్ చూసేటప్పుడు "ఎంత మెత్తగా పడుతుంది" అని అడిగితే సరిపోనిది ఇందుకే. "ఆ మెత్తదనంలో ఎంత చిన్న తేడా చేయగలను" అని అడగాలి. చేత్తో తిప్పే కమాండాంటే సి40 గ్రైండర్‌నే తీసుకుందాం. అందులో ఒక్కో క్లిక్కుకు బర్లు సుమారు 30 మైక్రాన్లు జరుగుతాయి. మన తల వెంట్రుక మందం ఒక 70 మైక్రాన్లు అనుకుంటే అందులో సగం కూడా కాదు, అయినా ఎస్ప్రెస్సోకి అది పెద్ద అంగే. ఆ కంపెనీయే రెడ్ క్లిక్స్ అని వేరే ఇరుసు అమ్ముతుంది, దాంతో ఒక్కో క్లిక్కు 15 మైక్రాన్లవుతుంది. కొన్నిటికి అసలు మెట్లే ఉండవు, రేడియో మీట తిప్పినట్టు ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు.

అదే పోరోవర్ తీసుకోండి, కాగితం ఫిల్టర్‌లో పొడి వేసి వేడినీళ్లు పైనుంచి పోసేది. అక్కడ ఒత్తిడి లేదు, నీళ్లు వాటి బరువుతో అవే దిగుతాయి. 15 గ్రాముల పొడికి 250 మిల్లీలీటర్ల నీళ్లు, మూడు నిమిషాలు అటూ ఇటూ. ఒక క్లిక్కు తేడాతో కొంప మునగదు, మూడు నిమిషాలది మూడుంపావు అవుతుంది, అంతే. ఇక్కడ ఏడిపించేది దుమ్ము. ఏ గ్రైండర్ అయినా ఎంత బరకగా పెట్టినా కొంత దుమ్ము రాల్చక మానదు, అది ఎక్కువైతే కాగితం రంధ్రాలు మూసుకుపోయి, పైన బురదలా నీళ్లు నిలబడిపోతాయి, మనం గరిటె పట్టుకుని చూస్తూ నిలబడతాం. కాబట్టి పోరోవర్‌కి కావలసింది చిన్న మెట్లు కాదు, పొడి ఒకే సైజులో పడటం. పొడిని వేడినీళ్లలో నానబెట్టి జల్లెడతో కిందికి నొక్కే ఫ్రెంచ్ ప్రెస్‌కి ఈ పట్టింపు ఇంకాస్త తక్కువ.

ఇక ఫ్లాట్ బర్లా, కోనికల్ బర్లా అని పెద్ద వాదం ఒకటుంది. ఫ్లాట్ అంటే రెండు బిళ్లలు ఎదురెదురుగా, కోనికల్ అంటే శంకువు లాంటిది ఉంగరం లోపల తిరగడం. ఫ్లాట్‌లో రుచులు విడివిడిగా తెలుస్తాయని, కోనికల్‌లో చిక్కదనం వస్తుందని అంటారు. కొంత నిజమే కానీ పళ్లు ఎలా చెక్కారు, రెండు బర్లూ వంకర లేకుండా కూర్చున్నాయా అనేవి ఆకారం కన్నా ముందు చూడాలని నా అభిప్రాయం. వంకరగా కూర్చున్న ఫ్లాట్ బర్ కన్నా తిన్నగా కూర్చున్న మామూలు కోనికల్ నయం.

కంపెనీలకూ ఈ రెండు కాఫీల తగవు తెలుసు. ఫెలో కంపెనీ వాళ్ల ఓడ్ గ్రైండర్‌లో 64 మిల్లీమీటర్ల ఫ్లాట్ బర్లున్నాయి, కానీ అది ఎస్ప్రెస్సోకి కాదని వాళ్లే చెప్తారు. బరాట్జా ఎన్‌కోర్ ఈఎస్పీ చూస్తే తమాషాగా ఉంటుంది, 40 మెట్లలో మొదటి 20 ఎస్ప్రెస్సో కోసం చిన్నచిన్నగా, మిగతా 20 మిగతా కాఫీల కోసం పెద్దపెద్దగా జరుగుతాయి. నీష్ జీరో అయితే మెట్లే లేకుండా రెండు చివరలకీ వెళ్తుంది. అంటే ఒకే గ్రైండర్‌తో రెండూ చేయవచ్చు, అందులో సందేహం లేదు. చేస్తామా అన్నదే ప్రశ్న.

ఎందుకంటే అసలు చిరాకు అటూ ఇటూ మారడంలో ఉంది. పొద్దున ఎస్ప్రెస్సోకి కష్టపడి సర్ది పెట్టుకున్న చోటు నుంచి సాయంత్రం పోరోవర్‌కి తిప్పుతాం, మర్నాడు మళ్లీ వెనక్కి. అంకె గుర్తున్నా సరిగ్గా అక్కడికే రావడం కష్టం, పైగా లోపల నిన్నటి బరక పొడి రెండు మూడు గ్రాములు దాక్కుని ఉంటుంది, అది ముందు కొంచెం పట్టి పారబోస్తే తప్ప కొత్త పొడి రాదు. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. గింజలు లోపల ఉండగా మెత్తవైపు తిప్పాలంటే మోటారు నడుస్తుండాలి, ఆగి ఉన్నప్పుడు తిప్పకూడదు. నేను తిప్పాను. బర్ల మధ్య గింజముక్కలు ఇరుక్కుని మోటారు మూలిగి ఆగిపోయింది, ఒక్క కప్పు కూడా తాగకుండానే స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాను.

చేత్తో తిప్పేవాటి గురించి చాలామందికి చులకన భావం ఉంది, అది తీసేయండి. మోటారు ఉండదు కాబట్టి మనం పెట్టిన డబ్బు బర్లకూ బేరింగులకూ పోతుంది, అదే ధరలో కరెంటుది అంత మంచి పొడి ఇవ్వదు. పోరోవర్‌కి అర నిమిషం, ముప్పావు నిమిషం తిప్పితే సరిపోతుంది. ఎస్ప్రెస్సోకి నిమిషం పైనే, అదీ లేత రంగులో వేయించిన గింజలైతే రాయిలా ఉంటాయి, భుజం పట్టేస్తుంది. ఒక్కరికైతే సరదా, ఇంటికి నలుగురొస్తే శిక్ష.

పొడి గోడలకూ గిన్నెకూ అంటుకుని ఎగిరిపడటం మీరూ చూసే ఉంటారు. గింజలు నలిగేటప్పుడు పుట్టే స్టాటిక్ కరెంటు అది. గ్రైండర్‌లో వేసేముందు చెంచా వెనక తడి చేసి గింజల్ని ఒకసారి కలపండి, లేదా ఒక్క చిలకరింపు నీళ్లు చాలు. ఇది ఔత్సాహికులు కనిపెట్టిన చిట్కాయే, 2023లో ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ హెండన్ బృందం కొలిచి చూసి, కాస్త నీటితో స్టాటిక్ తగ్గుతుందని, పొడి ఉండలు కట్టడం తగ్గుతుందని తేల్చింది. అయితే చిలకరింపే సుమా, బర్లను మాత్రం నీళ్లతో కడగొద్దు, తుప్పు పడతాయి. బ్రష్ చాలు.

మరి ఏది కొనాలి? రోజూ తాగేది పోరోవరో ఫ్రెంచ్ ప్రెస్సో అయితే, ఎస్ప్రెస్సో ఎప్పుడో బయట తాగేదే అయితే, మంచి చేతి గ్రైండర్ తీసుకోండి, "రేపెప్పుడైనా ఎస్ప్రెస్సో చేస్తానేమో" అని దానికోసం డబ్బు పోయకండి. రోజూ ఎస్ప్రెస్సోనే అయితే మెషీన్‌లో ఒక మెట్టు దిగైనా సరే గ్రైండర్‌లో ఒక మెట్టు ఎక్కండి, మెట్లు లేనిదో, చాలా చిన్న మెట్లున్నదో చూసుకోండి. రెండూ కావాలంటే నేను చేసింది చెప్తాను, కరెంటుది ఎస్ప్రెస్సోకి వదిలేశాను, దాని మీట ఇక పెద్దగా కదలదు, పోరోవర్‌కి పక్కన చిన్న చేతి గ్రైండర్ పెట్టుకున్నాను. రెండు మామూలువి కలిపినా రెంటికీ పనికొచ్చే ఒక్క ఖరీదైనదాని కన్నా నాకు సుఖంగానే ఉంది.

కొత్తది ఇంటికి రాగానే గింజలు వేయకముందే ఒక పని చేయండి. మెల్లగా మెత్తవైపు తిప్పుకుంటూ వెళ్తే ఒకచోట బర్లు తాకి కిచకిచమని చిన్న చప్పుడు వస్తుంది, అక్కడే ఆపేయండి, చేతిదైతే పిడి బిగుసుకుంటుంది. అది మీ గ్రైండర్ సున్నా. డబ్బా మీది అంకెలకు కాక, అక్కడినుంచి లెక్కపెట్టుకోండి. ఎస్ప్రెస్సోకి పొడి వేళ్ల మధ్య రుద్దితే పిండిలా జారిపోకుండా సన్న ఉప్పులా కొంచెం గరుకు తగలాలి, పోరోవర్‌కి ముతక ఇసుకలా ఉండాలి. కుదిరిన అంకెను చిన్న కాగితం మీద రాసి గ్రైండర్‌కి అంటించండి, పెన్సిల్‌తోనే రాయండి, కొత్త గింజల ప్యాకెట్ తెరవగానే అది మారుతుంది. ఉంటాను, సెలవు.