పాలసీసా పీక పట్టని బిడ్డ మొండిది కాదు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించాలనే ఉంది. కానీ ఒళ్లో బిడ్డలతో కూర్చున్న తల్లులకు అంత తీరిక ఉండదు, నేరుగా విషయానికి వస్తాను: సీసా పట్టని బిడ్డకు తల్లిపాలు సీసాతో అలవాటు చెయ్యడమెలా. మధ్యలో బిడ్డ పాలకు వెతుక్కుంటే మొహమాటపడకండి, కూర్చున్న చోటే పాలివ్వండి.

తల్లిపాల సభలో సీసా ఊసెందుకని కొందరు అనుకోవచ్చు. లెక్క చూడండి. ఆరు నెలలు నిండే దాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన ప్రసూతి రక్షణ ఒడంబడికలో కనీస సెలవు 14 వారాలు. అంటే మూడు నెలలు దాటి ఓ వారం. మిగిలిన రోజుల్లో తల్లి పనిలో ఉన్నంతసేపూ బిడ్డకు అందాల్సింది ఆమె పిండి ఉంచిన పాలే. పాలు సిద్ధంగా ఉంటాయి, బిడ్డ నోరు తెరవదు. ఇంటిల్లిపాదికీ గండం అక్కడే.

ఆ గండం సరిగ్గా అప్పుడే రావడానికి కారణముంది. తొలి వారాల్లో చప్పరించడమనేది బిడ్డ ఇష్టంతో పనిలేకుండా జరిగిపోయే ప్రతిచర్య. అంగిలికి ఏది తగిలినా చప్పరిస్తుంది. మూడో నెల ప్రాంతంలో అది సడలి, చప్పరించడం బిడ్డ అదుపులోకి వస్తుంది. నోట్లోకి వచ్చిందేమిటో గుర్తుపడుతుంది, వద్దనుకుంటే నాలుకతో బయటికి నెట్టేస్తుంది. దాన్ని మనం మొండితనమంటాం. అది ఎదుగుదల.

కాబట్టి చనుపాలు తాగడం బాగా కుదురుకున్నాక, సుమారు నాలుగు వారాలు దాటాక, సీసా పరిచయం చెయ్యండి. 15 నుంచి 30 మిల్లీలీటర్లు చాలు. ఒకసారి తాగింది కదా అని నెలరోజులు వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది, వారానికి రెండు మూడు సార్లయినా ఇస్తూ ఉండాలి. ఆ వయసు దాటిపోయినా ఫరవాలేదు, ఉద్యోగానికి వెళ్లడానికి కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టండి. వెళ్లే రోజు పొద్దున మాత్రం వద్దు.

తర్వాత సీసాల రకాలు చెప్పాలి. దాన్ని కాసేపు పక్కన పెడతాను. ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను.

"ఆకలేస్తే అదే తాగుతుంది, కాసేపు ఏడవనివ్వండి." ఈ మాట పెద్దవాళ్లు చెబుతారు, పక్కింటివాళ్లు చెబుతారు, తెల్లకోటు వేసుకున్నవాళ్లు కూడా చెబుతారు. దయచేసి వినకండి. గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డ నోరు చూడండి. నాలుక వెనక్కి ముడుచుకుని పైకి లేచి ఉంటుంది. ఆ నోట్లో పీక పెడితే నాలుక దాన్ని పట్టుకోలేదు. పాలు గొంతులోకి జారి పొలమారుతుంది. మర్నాడు పీక కనబడగానే ఏడుస్తుంది. ఆకలి ఆ బిడ్డకు నేర్పింది తాగడం కాదు, సీసా అంటే భయపడడం.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. బిడ్డ అడగడమంటే ఏడవడమేనా? పెదాలు చప్పరిస్తుంది, పిడికిలి నోట్లో పెట్టుకుంటుంది, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతుంది. అడగడం అదే. ఏడుపు దాకా వచ్చిందంటే మనం చూడలేదన్నమాట. కొత్త పాఠం మొదలుపెట్టాల్సింది ఈ సైగలకన్నా ముందే. పాలు తాగి గంట, గంటన్నర అయ్యుండాలి, హుషారుగా ఉండాలి. కొందరు బిడ్డలు మాత్రం నిద్రమత్తులో ఉన్నప్పుడే పీక బాగా పట్టుకుంటారు. మొహం చిట్లిస్తే ఆపండి, ఎత్తుకోండి. బిడ్డ పట్టకపోతే ఏ ప్రయత్నమైనా పది నిమిషాలు దాటనివ్వొద్దు.

మొదట్లో తల్లి కాకుండా వేరొకరు ఇవ్వడం మేలు. తల్లి వాసన తగులుతుంటే, ఆ పాలు వదిలి ఈ రబ్బరు ఎందుకు పట్టాలనిపిస్తుంది బిడ్డకు. నాన్నలూ, నేను మీతోనే మాట్లాడుతున్నాను, ఫోన్లు పక్కన పెట్టండి. ఇది మీ చేతుల్లో ఉన్న పని.

బిడ్డను దాదాపు నిటారుగా కూర్చోబెట్టుకుని తలకూ మెడకూ చెయ్యి ఆసరా ఇవ్వండి. పీకను గోరువెచ్చని నీళ్లలో ముంచి, రెండు చుక్కల పాలు రాయండి. పై పెదవికి తాకించి ఆగండి. ఆవులించినంత వెడల్పుగా నోరు తెరిచి తనే లోపలికి తీసుకోవాలి, మీరు దూర్చకూడదు. పెదాలు పీక మొదట ఉన్న వెడల్పు భాగం మీద ఆనాలి. కొస మాత్రమే పడితే చప్పుడే తప్ప పాలు రావు. మొదటి నాలుగైదు చప్పరింపులు సీసా వంచకుండా ఉత్తినే సాగనివ్వండి. రొమ్ము దగ్గర కూడా పాలు చేపుకు వచ్చేదాకా బిడ్డ అలాగే చప్పరిస్తుంది. తర్వాత సీసాను నేలకు సమాంతరంగా పట్టుకోండి. పీకలో సగం దాకా పాలుంటే చాలు.

గాలి మింగుతుందన్న భయంతో సీసాను నిలువుగా ఎత్తేస్తారు. అలా ఎత్తితే పాలు ధారగా వచ్చి, ఊపిరికి తడుముకుంటూ బిడ్డ ఇంకా ఎక్కువ గాలి మింగుతుంది. అయిదారు గుటకలకోసారి సీసా అడుగును కిందికి దించండి. పీక నోట్లోనే ఉంటుంది, పాలు వెనక్కి పోతాయి, బిడ్డకు ఊపిరి అందుతుంది. సగం అయ్యాక రెండో చేతి వైపుకు మార్చండి. మొత్తం పది నుంచి ఇరవై నిమిషాలు పట్టాలి. సీసాను దిండుకు ఆనించి వదిలేయడం ఎప్పటికీ వద్దు.

పీక ఎంపికలో వేగమే ముఖ్యం. అన్నిటికన్నా నెమ్మదైనది కొనండి. అయితే ఒక కంపెనీ నెమ్మది ఇంకో కంపెనీ వేగం కావచ్చు, పెట్టె మీది అంకెను నమ్మకండి, బిడ్డ మొహం చూడండి. పెదాల మూలల నుంచి పాలు కారడం, కళ్లు పెద్దవవడం, వేళ్లు విచ్చుకోవడం కనబడితే వేగం ఎక్కువ. చప్పరించి చప్పరించి విసుక్కుంటుంటే, పీక లోపలికి నొక్కుకుపోతుంటే తక్కువ. రోజుకో రకం మార్చకండి, ఒకే పీకతో కొన్ని రోజులు ఓపిక పట్టండి. ఇంకో విషయం, తల్లిపాల ప్రత్యామ్నాయాల అమ్మకాలపై 1981లో వచ్చిన అంతర్జాతీయ నియమావళి పాలసీసాలకూ పీకలకూ కూడా వర్తిస్తుంది. వాటికి జనంలో ప్రకటనలే ఉండకూడదంటుంది. "అచ్చం అమ్మ రొమ్ములాగే" అని రాసినదానికి ఎక్కువ డబ్బు పెట్టకండి.

అంతా సరిగ్గా చేసినా తాగకపోతే పాలు రుచి చూడండి. మీ నాలుకతోనే. ఫ్రిజ్‌లో ఉంచిన పాలు కొందరు తల్లులవి సబ్బు వాసన వేస్తాయి. పాలలోని లైపేజ్ అనే ఎంజైమ్ కొవ్వును విడగొడుతుంది. పాలు చెడలేదు, కానీ బిడ్డకు రుచించవు. అలాంటప్పుడు పిండిన వెంటనే, నిల్వ చెయ్యకముందే, అంచుల్లో చిన్న బుడగలు వచ్చేదాకా వేడిచేసి, పొంగనివ్వకుండా దించి, చప్పున చల్లార్చి దాచండి. వాసన వచ్చాక కాస్తే లాభం లేదు. వాసన రాని పాలకు ఈ పని అక్కర్లేదు. ఇచ్చేముందు వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చన చెయ్యండి. మైక్రోవేవ్ వద్దు, ఒకచోట చల్లగా, ఒకచోట నోరు కాలేంత వేడిగా ఉంటాయి.

ఒకటి నుంచి ఆరు నెలల బిడ్డ రోజుకు సగటున 750 మిల్లీలీటర్లు తాగుతుంది. ఎనిమిది సార్లనుకుంటే ఒక్కోసారికి 90 దాటి కాస్త. సీసాలో 60 పోసి, అడిగితే మళ్లీ పోయండి. బిడ్డ నోరు తగిలిన పాలు రెండు గంటల్లో వాడాలి, లేదా పారబోయాలి. తల్లి లేని వేళ కొద్దికొద్దిగానే తాగి, రాత్రంతా రొమ్ము దగ్గర లోటు తీర్చుకునే బిడ్డలున్నారు. రోజుకు ఆరుసార్లు తడుపుతూ బరువు పెరుగుతుంటే కంగారు లేదు. తడపడం తగ్గినా, నోరు ఎండినా, మాడు గుంటపడినా, మగతగా ఉన్నా ఆ రోజే డాక్టరుకు చూపించండి. రొమ్ము దగ్గర కూడా పొలమారుతుంటే, నోట్లో తెల్లపూత కనబడితే సీసాతో కుస్తీ ఆపి, ముందు అది చూపించండి.

మళ్లీ అదే చెబుతున్నాను, విసుక్కోకండి. ఆకలితో మాడ్చి నేర్పొద్దు. సీసా అసలు పట్టకపోతే చిన్న కప్పుతో పట్టవచ్చు. నిటారుగా కూర్చోబెట్టి, కప్పు అంచు కింది పెదవి మీద ఆనించి, పాలు పై పెదవికి తగిలేలా వంచి అలాగే ఉంచండి. నోట్లో పోయకండి, బిడ్డే నాలుకతో అందుకుంటుంది. ఆరు నెలలు నిండేవేళకు సీసా జోలికే పోకుండా కప్పుతో సాగిపోవచ్చు.

ఈ బల్ల మీద మూడు రకాల పీకలు, నీళ్లు నింపిన సీసాలు ఉన్నాయి. రండి, తలకిందులు చేసి ఏది ధారగా కారుతుందో, ఏది చుక్కలుగా పడుతుందో చూడండి. నాన్నలూ, ముందు మీరు రండి.