పాట తెరిస్తే ప్లగిన్ దొరకలేదంటే

అందరికీ నమస్కారం.

కంప్యూటర్‌లో పాటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో ఏడాది కిందటి పాట ఏదో మళ్లీ తెరుస్తాం. ఫలానా ప్లగిన్లు (ఆ సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే వాయిద్యాలు, ఎఫెక్టులు) దొరకలేదని స్క్రీన్ మీద ఒక పెట్టె వస్తుంది. పియానో ట్రాక్ మూగబోతుంది, గొంతు మీద వేసిన రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) ఉండదు. టెన్షన్ వస్తుంది, సహజమే. అందుకే ముందే చెబుతున్నాను: ఆ ప్రాజెక్టును అదే పేరుతో సేవ్ చేయకండి. ఖాళీగా కనబడుతున్న ప్లగిన్‌ను ట్రాక్ మీంచి తీసేయకండి. మీరు పెట్టుకున్న సెట్టింగులు ప్రాజెక్టు ఫైల్లోనే ఉంటాయి. చాలా సాఫ్ట్‌వేర్లు ప్లగిన్ లేకపోయినా వాటిని దాచి ఉంచుతాయి. అది తిరిగి రాగానే మీ శబ్దం మీకు వస్తుంది.

చాలామంది వెంటనే ఇన్‌స్టాలర్ కోసం పరిగెడతారు. నన్నడిగితే అది ఆఖర్న చేసే పని. ముందు ఫైల్ ఉందో లేదో చూడండి. వీఎస్టీ అనేది ప్లగిన్ల ఫార్మాట్, అందులో వీఎస్టీ2 పాతది, వీఎస్టీ3 కొత్తది. విండోస్‌లో వీఎస్టీ3కి చోటు ఖాయం: సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్, అందులో కామన్ ఫైల్స్, అందులో వీఎస్టీ3. పాత వీఎస్టీ2కి ఆ కట్టుబాటు లేదు, ఒక్కో ఇన్‌స్టాలర్ ఒక్కో చోట పడేస్తుంది. ఆ ఫోల్డర్ ఏదో మనం చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ అటు తొంగి కూడా చూడదు. ప్రిఫరెన్సెస్‌లో దాన్ని చేర్చి రీస్కాన్ చేయండి, అంటే ప్లగిన్లను మళ్లీ వెతకమనండి. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

అప్పటికీ రాకపోతే ఫార్మాట్ చూడాలి. ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫార్మాట్ అడుగుతుంది: లాజిక్ ప్రో ఆడియో యూనిట్స్ అనే ఫార్మాట్ తప్ప వీఎస్టీ తీసుకోదు, ప్రో టూల్స్‌కు ఏఏఎక్స్ అనే ఫార్మాట్ కావాలి. పాతకాలపు 32 బిట్ ప్లగిన్లదీ ఇదే బాధ. 2016లో క్యూబేస్ 9, 2018లో లైవ్ 10 అనే సాఫ్ట్‌వేర్లు వాటిని వదిలేశాయి.

అన్నిటికంటే తికమక పెట్టేది ఇంకోటుంది. ప్లగిన్ మెనూలో కనబడుతుంది, కొత్త ట్రాక్ మీద చక్కగా మోగుతుంది, పాత పాటలో మాత్రం లేదంటుంది. ఆ పాట అడిగేది వీఎస్టీ2ని, మీ దగ్గరున్నది వీఎస్టీ3. వీఎస్టీని తయారుచేసిన స్టైన్‌బర్గ్ కంపెనీ 2018లో వీఎస్టీ2 డెవలపర్ కిట్ (ప్లగిన్లు తయారుచేసేవాళ్లకు ఇచ్చే సామగ్రి) ఇవ్వడం ఆపేసింది. ఆ తర్వాత చాలా కంపెనీలు కొత్త వెర్షన్లను వీఎస్టీ3లోనే ఇస్తున్నాయి. పేరు ఒకటే అయినా, చాలా సాఫ్ట్‌వేర్ల లెక్కలో అవి రెండు వేర్వేరు ప్లగిన్లు. కంపెనీ సైట్‌లో మీ అకౌంట్‌లోకి వెళ్లి పాత ఇన్‌స్టాలర్ ఉందేమో చూడండి. దొరికితే వేసుకుని పాట తెరవండి. ప్లగిన్ సొంత ప్రీసెట్ (దాచుకున్న సెట్టింగుల) మెనూలోంచి ఆ సెట్టింగ్‌ను సేవ్ చేసి, పక్కనే కొత్త వెర్షన్ పెట్టి అందులో లోడ్ చేయండి. రెండూ విని పోల్చుకున్నాకే పాతది తీసేయండి.

ఇంకో సంగతి చాలామంది చూడరు. స్కాన్‌లో క్రాష్ అయిన ప్లగిన్‌ను సాఫ్ట్‌వేర్ బ్లాక్‌లిస్ట్‌లో పెట్టేస్తుంది, అంటే ఇక దాన్ని తెరవదు. ఒక్కోసారి ప్లగిన్‌లో ఏ లోపమూ ఉండదు. లైసెన్స్ అడిగే కిటికీ వెనకాల ఎక్కడో తెరుచుకుని మీ జవాబు కోసం కూర్చుంటుంది. లైసెన్స్ సరిచేసి, బ్లాక్‌లిస్ట్‌లోంచి తీసి, మళ్లీ స్కాన్ చేయండి.

కంప్యూటర్ మార్చేముందు, సిస్టమ్ అప్‌డేట్ చేసేముందు, పూర్తయిన ప్రతి పాటనూ ట్రాకులవారీగా వేవ్ ఫైళ్లుగా ఎగుమతి చేసుకోండి. అన్నీ పాట మొదటి క్షణం నుంచే మొదలవ్వాలి. ఎఫెక్ట్ వేసినదొకటి, వేయనిదొకటి ఉంచుకోండి. సింథ్ ట్రాక్ అయితే మిడీ (ఏ స్వరం ఎప్పుడు మోగాలో చెప్పే ఫైల్) కూడా.