గజేంద్రుడి సందేహం, పరీక్షిత్తు ధైర్యం

సభలోని పెద్దలకు, తల్లులకు, యువతీయువకులకు నమస్కారం.

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చినవారు మీలో చాలామంది ఉన్నారు కనుక, కష్టమంటే ఏమిటో మీకు నేను వివరించనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, తాతల నాటి కొబ్బరితోటలు, జీడితోటలు ఒక్క పూటలో నేలమట్టమయ్యాయి. అంతకు ఎన్నో ఏళ్ల ముందే మూత్రపిండాల వ్యాధి మన శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం ప్రాంతపు ఇళ్లలో తిష్ఠ వేసింది. ఇటువంటి గడ్డ మీద నిలబడి, "దేవుడే కాపాడతాడు" అని ఒక్క మాట చెప్పి వేదిక దిగిపోవడం న్యాయం కాదు. ఆ మాటను భాగవతం ఎంత జాగ్రత్తగా చెప్పిందో చూద్దాం.

అష్టమ స్కంధంలో గజేంద్రుడు మొసలితో వేయి సంవత్సరాలు పోరాడి, బలమంతా ఉడిగిపోయాక దేవుణ్ణి తలుచుకుంటాడు. దీనుల పట్ల ఉన్నాడంటారు, యోగుల పట్ల ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు అని వరుసగా చెప్పుకొంటూ వచ్చి, "కలడు కలడనెడివాడు కలడో లేడో" అనేస్తాడు. పోతనగారు ఆ సందేహాన్ని దాచలేదు, దిద్దలేదు. ప్రార్థన నడుమనే ఉంచారు. "లావొక్కింతయు లేదు" అనే శరణాగతి ఆ తరువాతే వస్తుంది. కనుక డయాలసిస్ మంచం మీద ఉన్న మనిషి "అసలు దేవుడున్నాడా?" అని అడిగితే, దయచేసి అతణ్ణి మందలించకండి. అతడు గజేంద్రుడు అడిగినదే అడుగుతున్నాడు.

ఇంకొక సంగతి. గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజనీ, అగస్త్యుని శాపం వల్ల ఏనుగయ్యాడనీ కథలో ఉన్నది. కానీ అది మనకు తెలిసేది రక్షణ జరిగిన తరువాతనే. విష్ణువు ముందుగా కర్మ లెక్కలు అడగలేదు. లక్ష్మీదేవికైనా చెప్పకుండా పరుగున వచ్చాడు. రోగి ఎదుట కూర్చుని "ఏ జన్మ పాపమో" అనేవారు ఈ వరుసను గమనించాలి.

ఆడ ఏనుగుల గురించి పోతనగారు చెప్పినది నా మనసును మరీ పట్టుకుంటుంది. మొసలిని విడిపించే శక్తి వాటికి లేదు. అయినా పోరాడుతున్న గజరాజును ఒక్కణ్ణీ వదిలి "పోవ కాళ్లు రాక" అక్కడే నిలబడ్డాయి. ఆసుపత్రి వసారాలో చాప పరుచుకుని రాత్రంతా మేలుకునే మన ఇల్లాళ్లను చూసినవారికి ఈ పద్యానికి వ్యాఖ్యానం అవసరం లేదు.

అయితే గజేంద్రుడు బతికాడు, మావాడు బతకలేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఈ కథను శుకమహర్షి ఎవరికి చెబుతున్నారో గుర్తు చేసుకోండి: ఏడు రోజుల్లో తక్షకుని కాటుకు గురికావలసిన పరీక్షిత్తుకు. ఆ కాటు తప్పలేదు. గజేంద్రుడి ప్రాణం దక్కిన కథను, ప్రాణం దక్కదని తెలిసిన మనిషే విన్నాడు. విని, భయం విడిచాడు. భాగవతం ఈ రెండింటినీ రక్షణగానే చూపుతుంది.

మందులు మానమని గానీ, పలాస ఆసుపత్రికి వెళ్లవద్దని గానీ ఏ పురాణమూ చెప్పదు. నేను కోరేది ఒక్కటే. ఈ కార్తీకంలో మన భాగవత పారాయణను గుడి మండపంతో ఆపకుండా, మంచం దిగలేనివారి ఇళ్లకు కూడా తీసుకువెళదాం. గజేంద్ర మోక్షంతో మొదలుపెడదాం, సందేహపు పద్యాన్ని వదిలిపెట్టకుండా చదువుదాం. పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిశాక నన్ను కలవండి.