యజమాని మంచివాడైతే బానిసత్వం తప్పు కాకుండా పోతుందా?

శ్రోతలకు నమస్కారం. బానిసత్వం తప్పని ఎవరినడిగినా చెప్తారు. ఎందుకు తప్పు అంటే మాత్రం కొట్టేవాళ్లండీ, గొలుసులు వేసేవాళ్లండీ, తిండి పెట్టేవాళ్లు కాదండీ అంటారు. నిజమే. మరి కొట్టకుండా, కడుపు నిండా అన్నం పెట్టే యజమాని దొరికితే?

1781లో జాంగ్ అనే ఓడ ఆఫ్రికా నుంచి 440 మందికి పైగా బానిసలను కుక్కుకుని జమైకా బయల్దేరింది. ఓనర్లు లివర్‌పూల్ వ్యాపారులు. ఓడ లెక్క తప్పి జమైకా దాటి వెళ్లిపోయింది, లోపలేమో రోగాలు, చావులు. అప్పుడు మంచినీళ్లు చాలవన్న సాకుతో 130 మంది దాకా మనుషుల్ని, బతికుండగానే, విడతలవారీగా సముద్రంలోకి తోసేశారు. మధ్యలో వాన కూడా పడింది. ఓడ రేవు చేరేసరికి 400 గ్యాలన్లకు పైగా నీళ్లు మిగిలే ఉన్నాయి.

1783లో లండన్‌లో కేసు నడిచింది. హత్య కేసు అనుకునేరు, ఇన్సూరెన్స్ కేసు! పోయిన సరుకుకి తలా 30 పౌండ్లు ఇప్పించమని ఓనర్లు అడిగారు, మొదట జ్యూరీ సరే అంది కూడా. గుర్రాలను తోసేస్తే ఎలాగో చట్టం దృష్టిలో ఇదీ అలాగే అన్నాడు జడ్జి మ్యాన్స్‌ఫీల్డ్. మళ్లీ విచారణ జరపాలని ఆదేశించాడు గానీ, హత్య నేరం మాత్రం ఎవరి మీదా పెట్టలేదు.

నాకు ఆ తోసేయడం కంటే ఆ 30 పౌండ్ల దగ్గరే ఊపిరాడదు. మనిషిని సరుకు పద్దులో రాసిన రోజే సగం పని అయిపోయింది. 1785లో జర్మన్ తత్వవేత్త కాంట్ ఒక మాట రాశాడు: ధర ఉన్నదాని స్థానంలో అంతే విలువైన ఇంకోటి పెట్టుకోవచ్చు, మనిషికి అలా బదులు దొరకదు, అదే అతని గౌరవం. తెలివుందా, బలముందా, ఎవరికైనా పనికొస్తాడా అన్నవి ఆ లెక్కలోకి రావు. తన బతుకు ఎటు పోవాలో తను అనుకోగలడు, అది చాలు.

మన పెద్దవాళ్లు కొందరు అంటుంటారు, మా జీతగాణ్ణి ఇంట్లో మనిషిలా చూసుకున్నాం అని. చూసుకునే ఉంటారు, కాదనను. కానీ అప్పు తీరకుండా "రేపట్నుంచి రాను దొరా" అని అతను అనగలిగేవాడా? అనలేకపోతే ఆ పెట్టిన అన్నం దయే గానీ హక్కు కాదు, దయ ఎప్పుడైనా ఆగిపోవచ్చు.

ఇదంతా పాత కథ అనుకోకండి. ఒడిశాలోని బలాంగీర్, నువాపడా వైపు నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే నువాఖాయ్ పండగ రోజుల్లో అడ్వాన్స్ తీసుకుని మన ఇటుక బట్టీలకు వస్తాయి. మధ్యలో వెళ్లిపోతామంటే "ముందు అడ్వాన్స్ కక్కు" అనే బట్టీలున్నాయి. వాళ్లే ఒప్పుకుని వచ్చారుగా అంటారు కొందరు. దీనికి సుప్రీంకోర్టు 1982లోనే, ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల కూలీల కేసులో జవాబు చెప్పింది: ఆకలి, పేదరికం కూడా బలవంతమే, కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టే.

1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం అలాంటి అప్పు రద్దయినట్టే, తిరిగి కట్టక్కర్లేదు. ఫిర్యాదు కలెక్టరుకి ఇవ్వొచ్చు. ఇది వెట్టి బాకీ అని కూలీ అంటే, కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే.