రాగి ఎరుపు, రాగి రాయి నీలం: ఎందుకిలా?

[తెరపై: సాయంత్రం వేళ, ఎంవీపీ కాలనీలో ఓ బాల్కనీ. ఏసీ అవుట్‌డోర్ యూనిట్. కెమెరా మెల్లగా రాగి గొట్టం అతుకు దగ్గరికి వెళ్తుంది. అక్కడ నీలం కలిసిన పచ్చటి పొడి.]

నమస్కారం అండి. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లకి ఈ పొడి బాగా తెలుసు. ఉప్పుగాలి తగిలి ఏసీ గొట్టానికి ఇలా చిలుము పట్టేస్తుంది. ఈ ఇంట్లో వరసగా రెండు వేసవుల్లో గ్యాస్ పోయింది. మెకానిక్ వచ్చి ఆ పొడి వేలితో దులిపి, "ఉప్పుగాలి రాగిని తినేసిందండి" అన్నాడు.

ఆ మాట విన్నాకే ఈ వీడియో చేయాలనిపించింది. తినేసిన రాగి ఎక్కడికి పోయింది? కొంత వానకి కొట్టుకుపోయి ఉంటుంది, మిగతాది ఈ పొడిలోనే ఉంది. మరి రాగి ఎర్రగా కదా ఉండాలి?

[తెరపై: బల్ల మీద ఓ రాగి చెంబు, పక్కనే ముదురు నీలం రాయి ముక్క.]

ఈ రాయి పేరు అజురైట్. ఆ పచ్చ పొడికి దాయాది అనుకోండి. ఓ ఎగ్జిబిషన్ స్టాల్లో కొన్నాను. అమ్మినాయన, "ఇది రాగి రాయండి, రాత్రి నీళ్లలో వేసి పొద్దున్నే ఆ నీళ్లు తాగండి, రాగి చెంబులో నీళ్లలాగే" అన్నాడు. దయచేసి ఆ పని చేయకండి. ఎందుకో చెప్తాను, ముందు రాయి సంగతి చూద్దాం.

100 గ్రాముల స్వచ్ఛమైన అజురైట్‌లో దాదాపు 55 గ్రాములు రాగే. మిగిలింది కార్బన్, ఆక్సిజన్, హైడ్రోజన్. సగానికి పైగా రాగి ఉన్నా దీనికి రాగి గుణం ఒక్కటీ లేదు. సుత్తితో కొడితే రాగి రేకులా సాగుతుంది, ఇది పొడైపోతుంది. రాగిలో కరెంటు పారుతుంది, దీన్లో పారదు. ఒకే సైజు ముద్దలు తూచి చూస్తే రాగి బరువులో సగం కూడా తూగదు.

[తెరపై: యానిమేషన్. వరసగా ఎర్రటి గుండ్లు, వాటి మధ్య తిరుగాడే చిన్న చుక్కలు.]

తేడా అంతా ఎలక్ట్రాన్లలో ఉంది. రాగి లోహంలో పరమాణువులన్నీ ఉమ్మడి కుటుంబంలా ఉంటాయి. బయటి ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువు సొత్తూ కావు, లోహమంతా తిరుగుతుంటాయి. తీగలో కరెంటు పారేది వాటివల్లే, కొడితే విరక్కుండా సాగేదీ వాటివల్లే. అజురైట్‌లో ఆ ఉమ్మడి లేదు. ఒక్కో రాగి పరమాణువూ రెండేసి ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని, చుట్టూ ఆక్సిజన్ల మధ్య బందీ అయిపోయి ఉంది. రాయిని ఎంత మెత్తగా నూరినా లోపల చిటికెడు ఎర్ర రాగి కూడా కనబడదు.

రంగు సంగతి నాకు మహా ఇష్టం. రాగి లోహం తన మీద పడ్డ వెలుగులో నీలం, పచ్చ వైపు ఎక్కువగా మింగేసి ఎరుపుని తిప్పి కొడుతుంది. రెండు ఎలక్ట్రాన్లు పోయిన రాగి సరిగ్గా తిరగేసి చేస్తుంది, ఎరుపు మింగి నీలాన్ని వదులుతుంది. చెంబు ఏ రంగుని దాచుకుంటుందో ఈ రాయి ఆ రంగునే మనకి చూపిస్తోంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా నాకు తనివి తీరదు.

[తెరపై: మూసలో నీలం పొడి. కింద మంట. పొడి నల్లబడుతుంది.]

ఇప్పుడు ఈ పొడిని బాగా కాల్చాం. బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి వెళ్లిపోతాయి. 100 గ్రాములు పెడితే 69 గ్రాముల నల్లపొడి మిగులుతుంది, అది కాపర్ ఆక్సైడ్. ఇంకా లోహం రాలేదు. దీనికి బొగ్గు కలిపి కొలిమిలో బాగా వేడెక్కిస్తే బొగ్గు ఆ ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది, అప్పుడు వస్తుంది ఎర్ర రాగి. దాన్ని కరిగించి పోత పోయాలంటే 1085 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఇలాంటి నీలం, పచ్చ రాళ్ల నుంచి రాగి తీయడం మనిషికి వేల ఏళ్లనాడే తెలుసు. రంగు చూసి రాయి ఏరుకుని, నిప్పుల్లోంచి ఇంకో రంగు లోహం తీసిన ఆ మొదటి మనిషి మొహం ఎలా వెలిగిపోయి ఉంటుందో!

భూమిలో ఈ రాయి తయారయ్యేది దాదాపు ఏసీ గొట్టం మీద జరిగిన తీరులోనే. రాగి ఖనిజాలు భూమి పైపొరకి దగ్గరగా ఉన్నచోట గాలి, బొగ్గుపులుసు వాయువు కలిసిన వాన నీరు దిగి వాటిని మార్చేస్తాయి. అజురైట్ పక్కనే తరచుగా మాలకైట్ అనే ఆకుపచ్చ రాయి కూడా ఉంటుంది. కాలం గడిచేకొద్దీ, తేమ తగిలితే నీలం అజురైట్ తానే పచ్చ మాలకైట్ అయిపోతుంది. యూరప్‌లో అజురైట్ రంగుతో ఆకాశం వేసిన కొన్ని పాత చిత్రాలు పచ్చబడడానికి ఇదీ ఓ కారణం. అజంతా గుహల్లో కనబడే నీలం మాత్రం వేరు. అది లాపిస్ లాజులి, దాని నీలం గంధకం వల్ల వచ్చింది, రాగి వల్ల కాదు.

[తెరపై: గాజు గ్లాసులో నీలం ద్రావణం. అందులో ఇనప మేకు.]

ఇది మైలుతుత్తం, కాపర్ సల్ఫేట్. సున్నం కలిపి బోర్డో మిశ్రమం చేసి తోటల్లో తెగుళ్లకి కొడతారే, అదే. చాలామంది దీన్నీ అజురైట్‌నీ ఒకటే అనుకుంటారు. తుత్తం నీళ్లలో ఇట్టే కరుగుతుంది, అజురైట్ కరగదు. దీన్నే పెద్ద స్ఫటికాలుగా పెంచి గనిలో దొరికిన రాయని అమ్మేవాళ్లూ ఉన్నారు, చూసి కొనండి.

మేకుని చూడండి. ఎర్రటి పొర కడుతోంది, అది రాగి. పోయిన రెండు ఎలక్ట్రాన్లనీ ఇనుము ఇచ్చింది, నీలం రాగి మళ్లీ లోహమైంది. ఇది బళ్లో టీచర్ దగ్గరుండి చేయించాల్సిన ప్రయోగం. తుత్తం విషం, వంటగిన్నెల్లో కలపొద్దు.

ఇక రాత్రి నీళ్ల సంగతి. అజురైట్ మంచినీళ్లలో కరగదన్నాను. కానీ పులుపు తగిలితే, అంటే నిమ్మరసంలో, కడుపులోని ఆమ్లంలో కరిగిపోతుంది, రాగి విడుదలవుతుంది. రాయి నుంచి రాలిన నలుసు మింగినా అంతే. తాగే నీటిలో రాగి లీటరుకి 2 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. రాయి వేసిన నీళ్లలో ఎంత దిగిందో కంటితో ఎవరు చెప్పగలరు? చెంబులోనైనా మజ్జిగ, పులుసు నిలవ ఉంచకూడదనే మన పెద్దవాళ్లు లోపల కళాయి పూయించేవారు. చింతపండుతో తోమితే చెంబు మెరవడం కూడా ఆ పులుపు చిలుముని కరిగించడం వల్లే.

[తెరపై: మళ్లీ బాల్కనీ. మెకానిక్ పాత గొట్టం ముక్క కోసి పక్కన పెడతాడు. కొత్తది అతుకుతున్నాడు, ఎర్రగా తళతళలాడుతోంది.]

ఏసీ గొట్టాన్ని చింతపండుతో తోమితే బాగవుతుందా అని మీరు అడగొచ్చు. పొడి పోతుంది, పలచబడ్డ గోడ మళ్లీ మందమవదు. అందుకే ముక్క మార్చారు. కొత్త అతుకు మీద ఉప్పుగాలి తగలకుండా పూత వేయించమని ఇంటావిడ అడిగారు, వేస్తున్నాడు. పచ్చబడ్డ పాత ముక్క తుక్కు సంచిలోకి వెళ్లింది. అది ఎక్కడో కొలిమికి చేరి, కరిగి, ఇంకో గొట్టమో తీగో అవుతుంది.