బోడెన్‌సీ చుట్టూ సైకిల్ టూర్: మొత్తం చుట్టాలా, సగం చాలా?

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. జర్మనీలో ఉంటున్న మనవాళ్లలో సైకిల్ కొన్నవాళ్లందరూ నన్ను అడిగేది ఒకటే, బోడెన్‌సీ చుట్టి రావడానికి ఎన్ని రోజులు పడుతుంది అని. అదే, లేక్ కాన్‌స్టాన్స్. నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి మూడు రోజుల్లో మొత్తం చుట్టేద్దామని బయల్దేరి, రెండో రోజుకే తొడలు పట్టేసి, మిగతాది రైల్లో కూర్చుని కిటికీలోంచి చూశాను. రెండోసారి తూర్పు సగం మాత్రమే తిరిగాను. నా ఓటు రెండోదానికే.

లెక్క చూడండి. మొత్తం రూట్ దాదాపు 260 కిలోమీటర్లు, జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మూడూ వస్తాయి. రోజూ తొక్కే అలవాటున్నవాళ్లకు అయిదు రోజులు హాయిగా సరిపోతుంది. మనలాగా ఆదివారం పూట ట్యాంక్ బండ్ మీద రెండు రౌండ్లు వేసి వచ్చినవాళ్లైతే కాన్‌స్టాన్స్ ఊళ్లో ఫెర్రీ ఎక్కండి, సైకిల్‌తో సహా పావుగంటలో అవతలి ఒడ్డున మీర్స్‌బర్గ్‌లో దింపేస్తుంది. అక్కణ్ణుంచి ఫ్రీడ్రిక్స్‌హాఫెన్, లిండావ్, బ్రెగెంజ్, తర్వాత స్విస్ ఒడ్డు పట్టుకుని రొమాన్స్‌హార్న్ మీదుగా మళ్లీ కాన్‌స్టాన్స్. 120 కిలోమీటర్ల దరిదాపు, రెండు రాత్రులు ఆగితే సుఖంగా అయిపోతుంది.

ఇలా తిరిగితే సరస్సు ఎప్పుడూ మీకు కుడివైపే ఉంటుంది, ఇక్కడ బండ్లు కూడా కుడివైపే నడుస్తాయి కాబట్టి నీళ్లు చూడటానికి రోడ్డు దాటే పని ఉండదు. వెనక చక్రం నీలం రంగులో ఉన్న సైకిల్ బొమ్మ బోర్డులు కనిపిస్తాయి, వాటి వెంట వెళ్లిపోవడమే.

అన్నీ బాగున్నాయని చెప్పను. ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌కి ముందు కొంత దూరం పెద్ద హైవే పక్కనే పోతాం, లారీల రొద తప్ప ఏమీ ఉండదు. ఆ ఊళ్లో జెప్పెలిన్ (గాల్లో తేలే పెద్ద ఎయిర్‌షిప్) మ్యూజియం మాత్రం వదలొద్దు, 1900లో మొదటి జెప్పెలిన్ ఈ సరస్సు మీదే ఎగిరింది. లిండావ్ రేవులో రాతి సింహం, లైట్‌హౌస్ చూశాక నాకైతే ఇంకెక్కడికీ కదలాలనిపించలేదు, సాయంత్రం వెలుగులో అవతల ఆల్ప్స్ కనిపిస్తుంటే ఒక బెంచీ మీద గంటన్నర అలాగే కూర్చుండిపోయాను.

స్విస్ ఒడ్డు చదునుగా ఉంటుంది, చాలా దూరం ఆపిల్ తోటలు, పక్కనే రైలు పట్టాలు. ఓపిక అయిపోతే తర్వాతి స్టేషన్లో రైలెక్కేయొచ్చు, సైకిల్‌కి వేరే టికెట్ తీసుకోవడం మర్చిపోకండి. తిండి మాత్రం అక్కడ ఖరీదు, అందుకే నేను పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని వెళ్లాను. నవ్వకండి, రొమాన్స్‌హార్న్ ఒడ్డున నీళ్లలో కాళ్లు పెట్టుకుని తిన్న ఆ పులిహోరే ఈ ట్రిప్ మొత్తంలో బెస్ట్ భోజనం!

ఇంకో దెబ్బ, ఫోన్. యూరప్ అంతా ఫ్రీ రోమింగ్ అనుకున్నా, స్విట్జర్లాండ్ ఈయూలో లేదు కదా, బిల్లు చూసి కళ్లు తిరిగాయి. కాన్‌స్టాన్స్‌లో నిలబడినా ఫోన్ ఒక్కోసారి స్విస్ టవర్ పట్టేస్తుంది, కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని రోమింగ్ ఆపేయండి. పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డ్ రెండూ జేబులో ఉండాలి.

టైమ్ అంటే మే, జూన్, లేదంటే సెప్టెంబర్. ఆగస్టులో రూములు దొరకవు, దొరికినా ఒక్క రాత్రికైతే ఇవ్వం అంటారు కొందరు.

ఆఖరుగా, ఒడ్డున అక్కడక్కడా నారింజ రంగు లైట్లు ఉంటాయి. నిమిషానికి 40 సార్లు వెలిగి ఆరుతుంటే గాలి పెరుగుతుందని, 90 సార్లైతే తుఫాను గాలి వస్తోందని. పడవలవాళ్ల కోసం పెట్టినవే గానీ మనకూ పనికొస్తాయి. నాకు మొదటిసారి ఆ సంగతి తెలియక, భలే ఉన్నాయే అని నిలబడి వీడియో తీసుకుంటున్నాను, పది నిమిషాల్లో నేనూ నా సైకిలూ తడిసి ముద్దయ్యాం, అదిగో, ఆ వీడియోనే ఇప్పుడు మీరు చూస్తున్నది.