మీ రీడ్‌మీ చదివి వేరేవాళ్లు ప్రాజెక్ట్ రన్ చేయగలరా?

హాయ్ అందరికీ! కోడ్ చకచకా రాసేస్తారు, అదే కోడ్ గురించి నాలుగు లైన్లు రాయమంటే మాత్రం చేతులు ఆగిపోతాయి, ఐటీ స్టూడెంట్స్‌కి పాఠాలు చెప్పేవాళ్లందరికీ తెలిసిన గోలే ఇది. గ్రామర్ క్లాసులు పెడితే పోయేది కాదండీ, నేనైతే ఒక చిన్న పరీక్ష పెడతా.

ఒకళ్లు రాసిన రీడ్‌మీ, అంటే ప్రాజెక్ట్‌ని ఎలా రన్ చేయాలో చెప్పే ఫైల్, తీసుకెళ్లి ఆ ప్రాజెక్ట్ మొహం కూడా చూడని ఇంకొకళ్ల చేతిలో పెట్టి రన్ చేయమంటాం. రాసినోళ్లు వెనక నిలబడాలి, నోరు మాత్రం తెరవకూడదు.

(స్క్రీన్ మీద: "డేటాబేస్ సెటప్ చేసుకుని సర్వర్ స్టార్ట్ చేసుకోవచ్చు.")

ఈ ఒక్క లైన్ దగ్గరే బండి ఆగిపోతుంది. ఏ డేటాబేస్, మైఎస్‌క్యూఎల్లా పోస్ట్‌గ్రెస్సా, ఏ వెర్షన్, పాస్‌వర్డ్ ఏ ఫైల్లో పెట్టాలి, కమాండ్ ఏ ఫోల్డర్లోంచి కొట్టాలి, అసలు సర్వర్ లేచిందని ఎలా తెలుస్తుంది? రాసినోళ్లకి ఇవన్నీ తెలుసు, తెలుసు కాబట్టే రాయలేదు. వెనక నిలబడ్డోళ్లకి నోరు ఆగదు కదా, "అరే అది కాదు, ముందు..." అనేస్తారు. ఆ "ముందు" తర్వాత చెప్పబోయిందే రీడ్‌మీలో లేని లైన్, అక్కడికక్కడే రాయించేయండి.

(స్క్రీన్ మీద: "పోస్ట్‌గ్రెస్ 16 ఇన్‌స్టాల్ చేయాలి. డాట్ ఈఎన్‌వీ ఫైల్లో డేటాబేస్ పాస్‌వర్డ్ పెట్టాలి. సర్వర్ లేస్తే టెర్మినల్లో పోర్ట్ 3000 అని కనిపిస్తుంది.")

పాస్‌వర్డ్ ఉన్న ఆ డాట్ ఈఎన్‌వీ ఫైల్‌ని గిట్‌లోకి (కోడ్ మార్పుల్ని దాచిపెట్టే టూల్) తోసేయకండి బాబూ, దాని గురించి చెప్పాలంటే ఇంకో వీడియో కావాలి.

ఇందాక "చేసుకోవచ్చు" అని ఉంది, చూశారా? చేయక తప్పని పనిని చేసినా చేయకపోయినా పర్లేదన్నట్టు రాశారు. ఈ గొడవ పాతదే, 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం వచ్చింది కేవలం మస్ట్, షుడ్, మే లాంటి మాటలకి అర్థాలు తేల్చడానికే. మస్ట్ అంటే చేసి తీరాలి, షుడ్ అంటే గట్టి కారణం ఉంటే మానేయొచ్చు, మే అంటే మీ ఇష్టం. "చేయాలి, చేస్తే మంచిది, చేయొచ్చు" అని బోర్డు మీద రాసి, వాళ్ల రీడ్‌మీలో ప్రతి లైన్ ఏ గడిలో పడుతుందో వాళ్లతోనే చెప్పించండి.

బగ్ రిపోర్ట్‌లూ అంతే. "లాగిన్ పనిచేయట్లేదు" అని రాస్తే ఎవరేం చేస్తారు? "పాస్‌వర్డ్‌లో స్పేస్ ఉంటే లాగిన్ నొక్కగానే 500 ఎర్రర్ వస్తోంది, హోమ్ పేజీ రావాలి" అని రాస్తే (500 అంటే సర్వర్ లోపలే ఏదో తేడా అని) ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

మార్కులు ఎలా వేయాలంటారా? చదివేవాళ్లు రన్ చేస్తూ ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూశారో లెక్కపెట్టండి, ఒక్కో చూపుకి రాసినోళ్లకి ఒక మార్కు కట్.